పింజారి చేతి తంబుర

ఈసారి వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాసివ్వమని తమ్ముళ్ళు అడిగారు. అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి గురించి మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. నేను మాత్రం మన భోజనాల హాల్లో పటం లేని ఒక మనిషి గురించి రాద్దామనుకున్నాను. ఆయన పేరు షేక్ నాజర్. బుర్రకథ నాజర్ అంటే మీ ఇళ్ళలో తాతలు, అమ్మమ్మలు కొందరైనా గుర్తుపడతారు. మీరు గుర్తుపట్టకపోతే అది మీ తప్పు కాదు. మీరు పుట్టేనాటికే ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

నాకు కూడా ఆయన గురించి తెలిసింది ఆలస్యంగానే. అదీ పంజాబ్ వాళ్ళ పుణ్యమా అని. హాస్టల్ వదిలాక మన గోపన్‌పల్లి పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. అక్కడ పంజాబ్ నుంచి వచ్చిన ఒక మిత్రుడు ఉండేవాడు. ఒక పండుగ రోజు నన్ను నగరంలో ఒక గురుద్వారాకు తీసుకుపోయాడు. లంగర్‌లో రొట్టె, పప్పు పెడతారని నేను వెళ్ళాను, నిజం చెప్పాలి కదా. అక్కడ ముగ్గురు, నలుగురు తలపాగాల వాళ్ళు నిలబడి పాడుతున్నారు. ఇద్దరి చేతుల్లో నడుము సన్నగా ఉన్న చిన్న వాయిద్యం, మన ఉడుక లాంటిది. ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి వేళ్ళతో కొడుతున్నారు. దాన్ని ఢడ్ అంటారట. ఇంకొకాయన సారంగి మీద కమాను లాగుతున్నాడు. పాట ఆగగానే ఒకాయన ముందుకొచ్చి వచనంలో కథ చెప్పాడు. ఏదో యుద్ధం కథ. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నా ఒళ్ళు జలదరించింది. మళ్ళీ అందరూ కలిసి అందుకున్నారు.

వాళ్ళను ఢాడీలు అంటారని మావాడు చెప్పాడు. సిక్కుల ఆరో గురువు హరగోవింద్ (1595–1644) కాలంలో అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్ దగ్గర వీరగాథలు పాడించడం మొదలైందట. నత్థా, అబ్దుల్లా అనే ఇద్దరు పాడేవారు. పేరును బట్టే తెలుస్తుంది, అందులో ఒకాయన ముస్లిం. ఇంకా తుంబీ అనే ఒంటితీగ వాయిద్యం గురించి, పొడవాటి పట్టకారుకు ఇత్తడి బిళ్ళలు కట్టి గలగలలాడించే చిమ్టా గురించి, ఒకే నోట్లో రెండు పిల్లనగ్రోవులు పెట్టి ఊదే అల్గోజా గురించి గంటసేపు చెప్పాడు. తుంబీని ఇంటింటికీ చేర్చిన లాల్‌చంద్ యమ్లా జట్ అనే గాయకుడు 1991లో చనిపోయినా ఆ తీగ ఇంకా మోగుతూనే ఉందన్నాడు. అన్నీ చెప్పి, మీ దగ్గర ఇలాంటివి ఏమున్నాయని అడిగాడు.

నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో తర్వాత చెబుతాను.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి జానపద కళల పుస్తకాలు వెతికాను. అక్కడ నాకు దొరికింది నాజర్ జీవితకథ. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి రాసిన పుస్తకం. దాని పేరు ‘పింజారి’.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో పుట్టారు. పేద దూదేకుల కుటుంబం. దూదేకులవారినే పింజారులు అంటారు. పత్తిని ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం వారి కులవృత్తి. మీలో పెద్ద ఊళ్ళ నుంచి వచ్చినవారు దూది ఏకే విల్లును చూసి ఉండకపోవచ్చు. మనిషి నిలువు పొడవు కర్ర, దానికి బిగించి కట్టిన నరం తీగ. కొయ్యగుండుతో ఆ తీగను కొడితే కింద ఉన్న పత్తి పొగలా పైకి లేస్తుంది. తీగ మాత్రం టుంయ్ టుంయ్‌మని వీధి చివరిదాకా వినబడుతుంది. నన్నడిగితే అది కూడా ఒంటితీగ వాయిద్యమే. కడుపు కోసం మోగేది. ఆ కులంలో సన్నాయి పట్టినవారూ ఉన్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల గుళ్ళలో ముస్లిం విద్వాంసులు నాదస్వరం వాయించడం ఎవరికీ వింత కాదు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) ఆ దారిలోనే శ్రీరంగం చేరి దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

నాజర్‌కు చిన్ననాడే గొంతు ఉన్నది. ఆ గొంతు విని పెద్దలు నాటకాల్లోకి దించారు. అప్పట్లో పౌరాణిక నాటకం అంటే పద్యం. పద్యం అంటే రాగం, హార్మోనియం. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. ఇంట్లో అన్నానికే కటకటలాడే పిల్లవాడు గురువు ఉన్న ఊరికి వెళ్ళి, అక్కడే ఉండి, విద్య నేర్చుకోవడం ఎంత కష్టమో హాస్టల్‌లో ఉన్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆయన కాలంలో మనకున్నట్టు హాస్టల్ కూడా లేదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆ వాయిద్యాల సంగతి చెప్పుకోవాలి. అది తెలియకపోతే నాజర్ చేసిన పని ఎంత పెద్దదో తెలియదు.

బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో కథకుడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుని భుజం మీద తంబుర ఉంటుంది. కచేరీల్లో వెనక కూర్చుని శృతి కోసం మీటే తంబురా కాదు ఇది. చిన్నది, తేలికైనది, ఎగురుతూ పట్టుకోగలిగేది. కింద గుండ్రని బుర్ర, పైన దండె, తీగలు. బుర్ర అంటే ఎండిన సొరకాయ డొప్ప కావచ్చు, తొలిచిన కొయ్య కావచ్చు. ఆ బుర్ర వల్లనే బుర్రకథ అని పేరు వచ్చిందంటారు. కథకుని చేతికి అందెలు ఉంటాయి. లోపల గుల్లగా ఉండి సన్నని గుళ్ళు పోసిన లోహపు కడియాలు అవి. ఒకటి బొటనవేలికి, ఇంకొకటి మిగతా వేళ్ళకు. రెండింటినీ తాటించి తాళం వేస్తారు. పంజాబీల చిమ్టా చేసే పనే ఇది చేస్తుంది. కాళ్ళకు గజ్జెలు. అంటే ఒక్క మనిషే తీగ మీటుతూ, తాళం వేస్తూ, అడుగు వేస్తూ, పాడుతూ, కథ నడిపించాలి. ఊపిరి తీసుకోవడానికి వంతలు తందాన అనే జాగా మాత్రమే ఉంటుంది.

వంతల చేతుల్లో గుమ్మెటలు. కొన్ని చోట్ల డక్కీ అంటారు, మన తెలంగాణలో బుడిగె అనే మాట కూడా ఉంది. మట్టితో చేసి కాల్చిన చిన్న వాయిద్యం, రెండు వైపులా చర్మం. ఇత్తడివి కూడా ఉంటాయి. వానాకాలం చర్మం మెత్తబడితే ఎండలోనో మంట దగ్గరో పెట్టి బిగువు తెప్పించాలి. వంతల్లో ఒకరు హాస్యగాడు, ఇంకొకరు లోకవ్యవహారం తెలిసినవాడు. కథ పల్నాటి కాలంలో నడుస్తున్నా మధ్యలో ఇవాళ్టి బియ్యం ధర, ఊళ్ళో కరణం చేసిన దగా చొరబడేది ఈ వంతల నోటి నుంచే. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నప్పుడే అసలు మాట వాళ్ళ చెవిలో పడిపోతుంది.

ఇదంతా ఎవరి విద్య? జంగాలది, పిచ్చుకుంట్లవారిది, పంబలవారిది, శారదకాండ్రది. ఇంటింటికీ తిరిగి కథ చెప్పి, చాటెడు గింజలు, పాత చీర పుచ్చుకునే వాళ్ళది. బుడిగె వాయిస్తారు కాబట్టి బుడిగ జంగాలన్నారు. మన హాస్టల్‌లో ఎప్పుడూ ఆ ఇళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పెద్ద కులాలవారు ఆ కథలు రాత్రంతా కూర్చుని విన్నారు. చెప్పినవాడిని మాత్రం అరుగు ఎక్కనివ్వలేదు. వాయిద్యం మీద కూడా అదే మరక పడింది. వీణ గదిలోకి వెళ్ళింది, గుమ్మెట వాకిట్లోనే ఉండిపోయింది.

అలాంటి వాయిద్యాన్ని రాగతాళాలు నేర్చి, నాటకాల్లో చప్పట్లు కొట్టించుకున్న నాజర్ ఎందుకు భుజాన వేసుకున్నారు?

జవాబు 1940ల్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. 1942లో బర్మా జపాన్ చేతిలో పడి అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. 1943లో బెంగాల్‌లో ఘోరమైన కరువు. పంటే పండక కాదు, ఉన్న బియ్యం సైన్యానికీ వ్యాపారుల గోదాములకూ పోయి, ధర పేదవాడికి అందనంత పెరిగి జనం రాలిపోయారు. సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ సంవత్సరమే బొంబాయిలో భారత ప్రజా నాట్య సంఘం, ఇప్టా, ఏర్పడింది. మన దగ్గర ప్రజానాట్యమండలి పుట్టింది. దాని ముందు ఒక ప్రశ్న నిలిచింది. చదువురాని జనానికి, పేపరు రాని ఊరికి, ఈ సంగతులు ఎలా చెప్పాలి? నాటకం వేయాలంటే స్టేజి కావాలి, తెరలు కావాలి, పదిహేను మంది కావాలి. బుర్రకథకు ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు చాలు. సైకిళ్ళ మీద పోవచ్చు. రచ్చబండ దగ్గర లాంతరు పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. సుంకర సత్యనారాయణ వంటివారు కొత్త కథలు రాశారు. ఆయన రాసిన ‘కష్టజీవి’ బుర్రకథకు మంచి పేరుంది. కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చిన నాజర్‌కు ఆ తంబుర చేతికొచ్చింది.

ఆయన దాన్ని ఉన్నదున్నట్టు వాయించలేదు. తాను నేర్చిన రాగాలన్నిటినీ దానిలోకి తెచ్చారు. నాటకంలో నేర్చిన అభినయం తెచ్చారు. అంతకుముందు కథకుడు కథ చెప్పేవాడు. నాజర్ కథలోని మనిషి అయిపోయేవారు. ఒక్క తిరుగుడులో సేనాపతి, మరో తిరుగుడులో కొడుకును యుద్ధానికి పంపే తల్లి. వేషం మార్చరు, తెర వేయరు. మెడ వంపు, కనుబొమ్మ, గొంతులో జీర, అంతే. వీరంలో ఎగిరిన కాలు కరుణలో నేలకు అతుక్కుపోయేది. గుమ్మెట దానికి తగ్గట్టు గొంతు తగ్గించేది. సినిమాలో ఆయన్ని చూసినవారికి ఇది తెలుస్తుంది. ఆ సంగతి తర్వాత.

బెంగాల్ కరువు కథను ఆయన చెబుతుంటే విన్నవాళ్ళు తమ ఊరి కరువులా ఏడ్చారు. ఆ రోజుల్లో ఇప్టా దళాలు దేశమంతటా పాడి, ఆడి, కరువు బాధితుల కోసం చందాలు పోగుచేశాయి. అదే సమయంలో మహారాష్ట్రలో అన్నాభావు సాఠే కూడా ఇదే పని చేస్తున్నారు. ఆయన కూడా నాజర్ పుట్టిన 1920లోనే పుట్టారు. మాంగ్ కులం, అంటే మన మాదిగల వంటి కులం. డఫ్, తుణతుణె అనే ఒంటితీగ వాయిద్యం పట్టి పోవాడా పాడేవారు. పంజాబ్‌లో ఢడ్, మరాఠీలో డఫ్, మనకు గుమ్మెట. ఊరి చివర ఉన్న వాయిద్యాలు అన్ని చోట్లా ఒకేసారి ఊరి మధ్యకు వచ్చాయి.

మన తెలంగాణలో నిజాం కాలం. విసునూరు దేశ్‌ముఖ్ గుండాలు బందగీని చంపారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగారు. ఈ కథలు పల్లె పల్లెకూ పాకింది పత్రికల వల్ల కాదు, పాటల వల్ల, గొల్లసుద్దుల వల్ల, బుర్రకథల వల్ల. సుద్దాల హనుమంతు (1982లో కన్నుమూశారు) గొల్ల వేషం కట్టి, గొంగడి కప్పి దొర దోపిడీని చెప్పింది అప్పుడే. తిరునగరి రామాంజనేయులు తెలంగాణ వీరుల మీద బుర్రకథ రాశారు.

ప్రభుత్వాలు ఊరుకోలేదు. అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం, రెండూ బుర్రకథను నిషేధించాయి. నాకు ఈ సంగతి చదివినప్పుడు భలే నవ్వు వచ్చింది. అడుక్కునేవాళ్ళ వాయిద్యమని అరుగు దింపిన దానికి ఫిరంగులున్న సర్కార్లు భయపడ్డాయి! 1948 తర్వాత నిర్బంధం మరీ పెరిగింది. ప్రజానాట్యమండలి వారు కొందరు జైలుకు పోయారు, కొందరు అజ్ఞాతంలోకి పోయారు, కొందరు మద్రాసు చేరి సినిమాల్లో పని వెతుక్కున్నారు. దళాలు చెదిరిపోయాయి.

చెల్లెళ్ళకు ఒక మాట. బుర్రకథ మగవాళ్ళదే అనుకోకండి. ఆ 1940ల్లోనే మోటూరి ఉదయం నాయకత్వంలో ఆడవాళ్ళ బుర్రకథ దళం ఊళ్ళు తిరిగింది. ఆడపిల్ల గడప దాటితే తప్పుపట్టే రోజుల్లో వాళ్ళు తంబుర పట్టి, గజ్జె కట్టి, వేల మంది ముందు నిలబడ్డారు.

నాజర్ సినిమాకు వెళ్ళారు గాని సినిమావాడు కాలేదు. ప్రజానాట్యమండలి నాయకుడు డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ సినిమా తీశారు. జమునకు అది మొదటి సినిమా. అందులో నాజర్ బుర్రకథ ఉంది. 1954లో ఎన్టీ రామారావు, భానుమతి నటించిన ‘అగ్గిరాముడు’ వచ్చింది. దానిలో నాజర్ దళం అల్లూరి సీతారామరాజు కథ చెప్పింది. 1924 మే 7న తెల్లవాళ్ళు కాల్చి చంపిన సీతారామరాజు, చనిపోయిన ముప్ఫయ్యేళ్ళకు తంబుర మోతలో మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఊళ్ళో బుర్రకథను ఎన్నడూ చూడని పట్నం జనం కూడా టికెట్ కొనుక్కుని చూశారు.

అయినా ఆయన అసలు చోటు తిరునాళ్ళు, రచ్చబండలు, పందిళ్ళు. బొబ్బిలి యుద్ధం చెప్పేవారు. 1757 జనవరిలో ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట కూలిన కథ అది. పల్నాటి యుద్ధం చెప్పేవారు. ఈ రెండో కథ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అది మనది కూడా.

పన్నెండో శతాబ్దంలో కారెంపూడి దగ్గర సవతి అన్నదమ్ముల మధ్య జరిగిన యుద్ధం అది. కోడిపందెం, నాగమ్మ, బాలచంద్రుడు, ఇవన్నీ మీకు సినిమాల వల్ల తెలిసే ఉంటాయి. బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టించాడని కథ. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినడం. ఆయన తన సేనాపతిగా పెట్టుకున్న కన్నమదాసు మాలవాడు. కత్తి పట్టి ముందు నడిచినవాడు ఒక అంటరానివాడు! ఆ కథను వందల ఏళ్ళు మరిచిపోకుండా మోసింది ఎవరో తెలుసా? వీరవిద్యావంతులు. వారూ మాలలే. ఇప్పటికీ కారెంపూడిలో ఏటా వీరుల ఉత్సవం జరుగుతుంది, అక్కడ ఆ గాథ పాడతారు. శ్రీనాథుడు పద్యాల్లో కన్నా ముందు, వెనక, పక్కన ఆ పాట ఉంది. నాజర్ సంగీతం నేర్చిన నరసరావుపేట పల్నాటికి వాకిలి లాంటిది. ఆయన పల్నాటి యుద్ధం చెబుతుంటే ఆ నేల వాళ్ళకు అది పుస్తకంలోని చరిత్రలా కాక ఇంటి సంగతిలా వినబడటంలో వింత లేదు. ఒక దూదేకుల ముస్లిం గొంతులో మాల సేనాపతి కథను కమ్మవారు, రెడ్లు, మాలలు, మాదిగలు అందరూ ఒకే నేల మీద కూర్చుని విన్నారు. కూడు లేకపోయినా అది చాపకూడే.

ఏళ్ళు గడిచాయి. సినిమా హాళ్ళు పెరిగాయి, రేడియో వచ్చింది, ఇంటింటికీ టీవీ చేరింది. ఒకప్పుడు నిషేధించిన బుర్రకథనే ప్రభుత్వాలు పిలిచి కుటుంబ నియంత్రణకూ ఇతర పథకాలకూ వాడుకున్నాయి. కొందరు దాన్ని కళకు పట్టిన గతి అంటారు. నేను అలా అనను. రాత్రి కథ చెబితేనే పొద్దున పొయ్యి వెలిగే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నాజర్ దగ్గర నేర్చుకున్నవారూ, ఆయన్ని చూసి నేర్చుకున్నవారూ దళాలు కట్టి ఆంధ్రదేశమంతా తిరిగారు. ఆయన్ని బుర్రకథ పితామహుడు అన్నారు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఇప్పుడు ఆ పుస్తకం పేరు దగ్గరికి వస్తాను. పద్మశ్రీ వచ్చినవాడు, సినిమాల్లో కనబడ్డవాడు, తన జీవితకథకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ‘నా కళాయాత్ర’ అనో, ‘తంబుర నాదం’ అనో. ఆ పుస్తకానికి ‘పింజారి’ అని పెట్టారు. మన ఊళ్ళలో ఆ మాటను ఎలా వాడతారో మీకు తెలుసు. పింజారి వెధవ అని తిడతారు. తిట్టేవాడికి అది ఒక కులం పేరని, ఆ కులం ఏకిన దూది మీదే తాను తల పెట్టి పడుకుంటున్నానని గుర్తుండదు. ఆ తిట్టును తీసి ఆ మనిషి అట్ట మీద, తన పేరు పక్కన అచ్చువేయించుకున్నాడు.

లైబ్రరీలో ఆ అట్ట చూసి నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. పంజాబీ మిత్రుడి ముందు ఎందుకు నోరు విప్పలేదో చెబుతానన్నాను కదా. మా నాన్న డప్పు కొడతాడు. మా తాత కూడా కొట్టాడు. చావుకు, పెళ్ళికి, బోనాలకు, దండోరాకు. హాస్టల్‌లో ఉన్న ఏడేళ్ళూ ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మీ నాన్న ఏం చేస్తాడు అంటే కూలి అనేవాణ్ణి. అందరి నాన్నలూ కూలీలే కాబట్టి ఎవరూ ఇంకో ప్రశ్న వేసేవాళ్ళు కాదు. ఒకసారి నాన్న నన్ను చూడటానికి వస్తూ, అటునుంచి అటే ఏదో పెళ్ళికి పోవాలని డప్పు సంచిలో వేసుకుని వచ్చాడు. నేను గేటు దగ్గరే మాట్లాడి పంపించాను. లోపలికి రమ్మనలేదు. ఆయనకు అర్థమైంది. మళ్ళీ ఎప్పుడూ డప్పుతో రాలేదు. ఇది మన హాస్టల్ మీద ఫిర్యాదు కాదు. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే నేనే భయపడ్డాను.

పుస్తకం చదివాక మొదటి సెలవులకు ఊరెళ్ళి నాన్నను డప్పు గురించి అడిగాను. ఎన్ని దెబ్బలున్నాయో, చావుకు ఏది, పెళ్ళికి ఏది, సిటికెన పుల్ల ఎలా పట్టాలో, చిర్ర ఎలా పట్టాలో. ఆయన మొదట నమ్మలేదు. పరీక్షలో అడుగుతారా అన్నాడు. తర్వాత రెండు గంటలు చెప్పాడు. నా ఇరవై ఏళ్ళలో మా నాన్న నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. సెలవులైపోయి తిరిగొచ్చాక పంజాబీ మిత్రుడి ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆలస్యమైనా చెప్పాను. వాడు ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, మా నాన్న దగ్గర అన్నాను.

నాజర్ 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. డెబ్బై ఏడేళ్ళు. ఆఖరుదాకా జనం ఆయన్ని కథ చెప్పమని అడుగుతూనే ఉన్నారు.

పోయిన వార్షికోత్సవానికి నేను వచ్చినప్పుడు జరిగింది ఒకటి చెప్పి ఆపేస్తాను. సాయంత్రం డీజే పెట్టేలోపు ఖాళీగా ఉంటే, కొందరు పిల్లలను కూర్చోబెట్టి నా ఫోన్‌లో ‘అగ్గిరాముడు’ బుర్రకథ చూపించాను. నలుపు తెలుపు బొమ్మ, పాత శబ్దం. గోపన్‌పల్లి తండా నుంచి వచ్చే పిల్లవాడు ఒకడు, ఆ వేలికి ఉన్నదేంటి అన్నా అని అడిగాడు. అందెలు అని చెప్పాను. వెనక నిలబడిన ఇంకో అబ్బాయి, ఏడో తరగతి, అప్పటిదాకా ఏమీ మాట్లాడనివాడు, అవి మా తాత దగ్గర ఉన్నాయి అన్నాడు. తర్వాత మెల్లగా ఇంకో మాట చెప్పాడు. తన ట్రంకుపెట్టెలో బట్టల కింద ఒక గుమ్మెట ఉందట. తాత పోయాక ఇంట్లో పారేస్తారేమోనని తెచ్చి దాచుకున్నాడట, ఎవరికీ చూపించలేదట.

తెమ్మన్నాం. దుప్పట్లో చుట్టి తెచ్చాడు. చర్మం సడలింది. ఒకడు వేలితో కొడితే బొద్దుగా మోగింది. ఆ అబ్బాయి వాడి చేతిలోంచి తీసుకుని, ఇట్ల మోగదు, దీన్ని ఎండలో పెట్టాలె అన్నాడు. అప్పటికే పొద్దు వాలుతున్నది. ఎదురుగా ఐటీ కంపెనీల అద్దాల మేడల మీద ఇంకా కొంచెం ఎండ మెరుస్తున్నది. గుమ్మెటను పొట్టకు ఆనించుకుని మెట్లెక్కి డాబా మీదికి పరుగెత్తాడు. వాడి వెనకాలే పది మంది.